కడిగి పంపిన రాయి

ఇనుప మెట్లు ఎక్కుతుంటే రాతిపొడి కూడా వెంట ఎక్కి వచ్చేది. నవనీత పైమెట్టు మీద ఆగి, చున్నీ దులుపుకుని, చెప్పులు విడిచి, అప్పుడు తలుపు తీసేది. అయినా మధ్యాహ్నానికల్లా కంప్యూటర్ మీద సన్నటి తెల్లపొర పేరుకునేది. వేలితో రాస్తే అక్షరం పడేది.

తాండూరు దాటి కరణ్‌కోట పోయే రోడ్డు పక్కన ఉన్న బండల పాలిష్ కార్ఖానా అది. కింద కోత మిషన్లు, పాలిష్ మిషన్లు, పాలలాంటి నీళ్లు పారే కాలువలు, గోడకు ఒరిగించిన నీలి బండలు, పసుపు బండలు. పైన ఒక్కటే గది. అందులో ఒక బల్ల, కంప్యూటర్, నవనీత కుర్చీ, వచ్చినవాళ్ల కోసం ఇంకో కుర్చీ. వచ్చేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఆ రెండో కుర్చీలో ఆమె సద్దిసంచి కూర్చునేది.

యజమాని ఈశ్వరప్పది సరిహద్దు అవతలి ఊరు. మాటలో అక్కడక్కడ కన్నడం దొర్లుతుంది. ఉద్యోగంలో పెట్టుకున్న రోజే సంగతంతా చెప్పేశాడు.

"నోడమ్మా, నాకు రాయి చూపెట్టు, గనిలో ఏ పొరల నుంచి వచ్చిందో చెప్త. గీ మెయిల్ మాత్రం నాతోటి కాదు. జనం పంపుతనే ఉంటరు, నేను చూడనే చూడ. పుణె ఆయన ఆర్డర్ పెట్టి, మళ్ల పెట్టి, ఆఖరుకు తిట్టుకుంట ఇంకోని దగ్గర కొనుక్కున్నడు. ఆ తిట్టుడు గూడ మెయిల్‌లనే తిట్టిండంట. అది గూడ నేను చూడలే."

నవనీత చేరిన కొత్తలో ఆ మెయిల్ గుట్టను వేరు చేయడంతోనే సరిపోయింది. ఆర్డర్లు ఒక దిక్కు, సాంపుల్ అడిగినవి ఒక దిక్కు, లారీలవాళ్లవి ఒక దిక్కు, మూలలు విరిగి వచ్చాయన్న ఫిర్యాదులు ఒక దిక్కు. అంతా వేరు చేసి, పేర్లు పెట్టి, కాసేపు తృప్తిగా చూసుకుంది. తర్వాత తెలిసొచ్చింది, వేరు చేసి పెట్టిన మెయిల్ కూడా పడి ఉన్న మెయిలే అని. ఫిర్యాదులన్నీ ఒక్క దగ్గర కూర్చున్నంత మాత్రాన విరిగిన మూల అతుక్కోదు.

అప్పుడు ఆమెకు తనను కన్న అవ్వ గుర్తొచ్చింది.

వాళ్లది మర్పల్లి దిక్కు పల్లె. అయ్య కిష్టప్ప, అవ్వ బుగ్గమ్మ గొర్లు కాస్తారు. మంద మేతకు పోయినప్పుడు చిన్న గొర్రెపిల్లలను దొడ్డిలోనే ఉంచుతారు. పొద్దుగూకి మంద తిరిగొచ్చాక బుగ్గమ్మ ఒక్కొక్క పిల్లను ఎత్తి, దాని తల్లి ఏదో చూసి, పొదుగు కింద విడుస్తుంది. పిల్లలన్నీ ఒక్క తీరే అరుస్తుంటాయి. తల్లులన్నీ ఒక్క తీరే కనబడుతుంటాయి. ఆమె మాత్రం తప్పదు. ఒక్క పిల్ల తల్లిని చేరకపోయినా ఆ రాత్రి ఆమె అన్నం ముట్టదు.

మెయిల్ కూడా అరిచే పిల్లే అనుకుంది నవనీత. దాన్ని ఎవరో ఒకరి చేతికి చేర్చాలి. ఆ రోజు నుంచి ఏ మెయిల్ తెరిచినా మూడు ప్రశ్నలు వేసుకునేది. ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఎప్పటికి చేయాలి. ఒక్క మెయిల్‌లో నాలుగు కోరికలు ఉంటే నాలుగు ముక్కలు చేసేది. ఏ కోరికా లేని మెయిల్‌ను పక్కకు తోసేది.

కానీ పనిని కిందికి పంపడం ఎట్లా? కాగితం మీద రాసి పంపితే పాలిష్ నీళ్లలో తడిసి పేస్టయ్యేది. ఫోన్‌లో పెడితే ఆ ఫోన్లు మేకులకు తగిలించిన సంచుల్లో ఉండేవి. తడిచేతులతో ఫోన్ ఎవరు ముడతారు? మిషన్ల మోతలో మోగినా ఎవరికి వినబడుతుంది? చివరికి ఒకరోజు మెట్ల కింద పడి ఉన్న, కోతలో మిగిలిన పలచటి బండముక్క తీసుకుని, దాని మీద చాక్‌పీసుతో రాసి పంపింది: "పుణె ఆర్డర్. నీలిది. అంచులు గుండ్రంగ కొట్టాలి. ఏసుదాసు. బేస్తారానికి." పాలిష్ మేస్త్రీ ఏసుదాసు ఆ ముక్కను కోడలితో చదివించుకుని, తన మిషన్ పక్కన గోడకు నిలబెట్టుకున్నాడు. గురువారానికి అంచులు గుండ్రమయ్యాయి.

అప్పటి నుంచి అదే పద్ధతి అయింది. పొద్దున నవనీత రాసిన ముక్కలన్నీ ఇనుప గమేళాలో పెడితే, ఏసుదాసు కోడలు రెబెక్క వచ్చి కిందికి మోసుకుపోయి, చదివి చెప్పి, ఎవరి ముక్క వాళ్ల దగ్గర పెట్టేది. మరునాడు పొద్దున అయిపోయినవన్నీ పైకి తెచ్చేది.

"పనైతే కడిగి పంపుండ్రి" అని నవనీత మొదటి రోజే చెప్పింది. "కడిగిన రాయి వస్తే పనైనట్టు. రాత అట్లనే ఉంటే కానట్టు."

కడిగిన ముక్క చేతికి రాగానే ఆ మెయిల్‌కు జవాబు రాసి మూసేసేది. తడి ఆరకముందే ఆ ముక్క మీద ఇంకో పని ఎక్కేది.

రెబెక్క ఎప్పుడూ గడప దాటి రాలేదు. తలకు, ముక్కుకు కలిపి పాత చున్నీ చుట్టుకుని గడప బయటే నిలబడేది. కండ్లు మాత్రమే కనిపించేవి.

"లోపలికి రా అక్కా."

"కాళ్లు బురద. నీ బండలు ఖరాబైతయ్." గమేళా గడప మీద పెట్టి, "తిన్నవా?" అని అడిగేది.

"ఇంక లే."

"పగటికి తిను మరి" అని దిగిపోయేది. రోజుకు అవే మాటలు. నవనీత ఆ మాటలను ఎక్కడా పెట్టలేకపోయేది. అవి పని కాదు. అయినా పక్కకు తోసెయ్యబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం మిషన్లు బందయ్యేవి. ఆ మోత ఆగిన వెంటనే చెవుల్లో ఏదో ఖాళీ అయినట్టుండేది. ఆ ఖాళీలోకి కింది నుంచి నవ్వులు వచ్చేవి. కిటికీలోంచి చూస్తే రేకుల షెడ్డు కప్పు, దాని కింద గుండ్రంగా కూర్చున్నవాళ్ల పాదాలు కనిపించేవి. మనుషులు కనిపించేవాళ్లు కాదు. ఆమె పాదాలనే గుర్తుపట్టింది. పగిలిన మడమలు ఏసుదాసువి. వెండి కడియాలు ఆయన భార్య మొగులమ్మవి. నీలం చెప్పులు రెబెక్కవి. మొగులమ్మ ఏదో అనేది, పాదాలన్నీ కదిలేవి, నవ్వు పైకి వచ్చేది. ఏమన్నదో మాత్రం వినబడేది కాదు. నవనీత కంప్యూటర్ ముందు సద్దిగిన్నె తెరుచుకుని తినేది. "కింద దుమ్ము, నువ్వు పైననే తిను" అని ఈశ్వరప్ప మొదట్లోనే చెప్పాడు. మంచికే చెప్పాడు.

సాయంత్రం ప్యాసింజర్ బండిలో వికారాబాద్‌కు చేరేది. డిగ్రీ చదివేటప్పుడు తీసుకున్న గదే ఇప్పటికీ. శంకరమ్మ ఇంటి వెనక భాగం, ఒక్క గది, ఒక్క పొయ్యి. ఎండలు ముదిరాయంటే అయ్య, అవ్వ మందను తోలుకుని సేడం దిక్కు పోతారు. ఫోన్‌లో చార్జింగ్ ఉన్న రోజు మాట్లాడతారు. లేని రోజు లేదు.

ఎండలు మొదలైన కొత్తలోనే ఈశ్వరప్ప అక్క కొడుకు నవీన్‌కుమార్‌ను వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. సద్దిసంచి కింద పెట్టి, రెండో కుర్చీలో నవీన్‌కుమార్‌ను కూర్చోబెట్టింది నవనీత.

"కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది" అన్నాడు నవీన్‌కుమార్. "మెయిల్ రాంగనే అదే చదువుతది. అదే పని తయారు చేస్తది. మీరు ఊకె ఒకసారి చూసి బటన్ నొక్కితె చాలు. సీదా వాళ్ల ఫోన్లకు పోతది. పనైనంక వాళ్లు ఫోటో పెడ్తరు. రాళ్లు మోసుడు ఉండదు."

"ఫోన్లకు నీళ్లు తాకని కవర్లు గూడ తెప్పించిన" అన్నాడు ఈశ్వరప్ప గర్వంగా. "ఇంకోటి చెప్త ఇను. రోజూ రైలెక్కి నువ్వు ఇంత దూరం ఎందుకు? లాప్‌టాప్ ఇస్త, వికారాబాద్‌ల ఇంట్లనే కూసోని చేస్కో. జీతం అదే. దుమ్ము లేదు, ధూళి లేదు. శనివారం వరకు ఆలోచించి చెప్పు."

ఎవరికి చెప్పినా సంతోషించే మాటే. ఆ సాయంత్రం బుగ్గమ్మ ఫోన్ కలిసింది. వెనకనుంచి గొర్ల అరుపులు.

"మంచిదే గద బిడ్డా. నీడపట్టున కూసుంటవ్. ఎండల తిరిగేది మాకెట్లన్న తప్పదు, నీకన్న తప్పనీ."

"ఆఁ" అంది నవనీత.

"ఏమాయె? గొంతు గట్లుంది."

"ఏం లేదవ్వా. నువ్వు తిన్నవా?"

చెప్పడానికి ఏముంది? నాకు కింద నలుగురి పాదాలు కనబడతాయి, ఇంట్లో కూర్చుంటే అవి కూడా కనబడవు అని చెబితే అవ్వ నవ్వుతుంది. లేదా భయపడుతుంది. మంద మధ్యలో బతికే మనిషికి ఈ బాధ ఎట్లా అర్థమవుతుంది?

గురువారం పొద్దున గమేళాలో పెట్టాల్సిన ముక్కలన్నీ రాసి, ఇంకోటి తీసుకుంది. పసుపు రాయి, మధ్యలో నీలి చార, ఒక మూల విరిగింది. చాక్‌పీసు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. వేరే ఎట్లా రాయాలో తెలియక తనకు చేతనైన తీరులోనే రాసింది.

"ఏం: నేను కిందికి వచ్చి మీతో సద్ది తినాలనుకుంటున్న. రావచ్చా? ఎవరు: రెబెక్కక్క. ఎప్పటికి: రేపు పగటికి."

చదువుకుంటే సిగ్గేసింది. చెరిపి మళ్లీ అదే రాసింది. గమేళాలో అన్నింటికంటే అడుగున పెట్టి, రెబెక్క వచ్చినప్పుడు కంప్యూటర్‌లోకి చూస్తూ కూర్చుంది. కింద ఉన్నవాళ్లు రమ్మంటే ఈశ్వరప్పకు వద్దని చెప్పాలి, రైలు బాధ రైలుదే అనుకుంది. రమ్మనకపోతే ఇక్కడికి రావడానికి ఆమెకు కారణమేమీ లేదు.

శుక్రవారం పొద్దున మెట్ల మీద అడుగుల చప్పుడు వేరుగా వినబడింది. బరువుగా, ఆగి ఆగి. మొగులమ్మ గమేళా గడప మీద దించి నడుం పట్టుకుంది.

"ఇన్ని మెట్లు ఎవడు కట్టిండో గని, వాని కాళ్లు ఇరుగ" అంది.

"రెబెక్కక్క రాలేదా?"

"పొల్లకు జెరమని దవాఖానకు పోయింది. పగటికి వస్తనన్నది. ఇగో, నీ రాళ్లు."

ఆమె దిగిపోయాక నవనీత గమేళా ముందు కూర్చుంది. అన్నీ కడిగినవే. పసుపు ముక్క మధ్యలో ఉంది. విరిగిన మూల, నీలి చార. అటు తిప్పింది, ఇటు తిప్పింది. రెండు దిక్కులా శుభ్రంగా, ఇంకా తడిగా ఉంది. అక్షరం లేదు. చాక్‌పీసు జాడ కూడా లేదు.

కడిగిన రాయి వస్తే పనైనట్టు. ఆమె పెట్టిన నియమమే. చదివారు, కడిగారు, పంపారు. ఏమీ చెప్పదలచుకోలేదు కాబట్టి ఏమీ రాయలేదు. అడిగిన మనిషికి ముఖం మీద వద్దనడం కంటే ఇదే మర్యాద అనుకుంది.

మధ్యాహ్నం మిషన్లు ఆగాయి. కిటికీ దగ్గరికి పోకూడదనుకుంటూనే పోయింది. పాదాలన్నీ వచ్చి కూర్చున్నాయి. నీలం చెప్పులు ఆలస్యంగా, గబగబా వచ్చాయి. కాసేపటికి ఆ చెప్పులు షెడ్డు అంచు దాకా వచ్చి మెట్ల వైపు తిరిగి నిలబడ్డాయి. నవనీత గబుక్కున వెనక్కి జరిగింది. దొంగచాటుగా చూస్తున్నానని కనిపెట్టారేమో అనుకుంది. మళ్లీ చూసేసరికి చెప్పులు లేవు. సద్దిగిన్నె తెరిచి, రెండు ముద్దలు తిని మూసేసింది.

శనివారం రాగానే ఈశ్వరప్పకు సరే అని చెప్పింది. ఆ తర్వాత రెబెక్క గమేళా తెచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు సూటిగా చూసుకోలేదు.

"ఇగ రావంట గద."

"ఆఁ అక్కా. వికారాబాద్ నుంచే చేస్త."

"మంచిదే. నీడపట్టున." రెబెక్క గడప బయటే కాసేపు నిలబడింది. ఇంకేదో అడుగుతుందేమో అనిపించింది. "తిన్నవా?" అని మాత్రమే అడిగింది.

"తిన్న" అంది నవనీత. తినలేదు.

సాయంత్రం పోయేటప్పుడు ఆ పసుపు ముక్కను సంచిలో వేసుకుంది. ఎందుకో ఆమెకే తెలియదు. అది వికారాబాద్ గదిలో కిటికీ మీద కూర్చుంది.

ఇంట్లో పని తేలికే. సాఫ్ట్‌వేర్ మెయిల్ చదివేది, పని తయారుచేసేది, ఆమె చూసి బటన్ నొక్కేది. దుమ్ము లేదు. మోత లేదు. పగలు ఎప్పుడైందో చెప్పడానికి ఆగిపోయే మిషన్ కూడా లేదు. ఆకలైనప్పుడు తినేది, కొన్నాళ్లకు ఆకలి కూడా వేళ తప్పింది. ఎప్పుడైనా శంకరమ్మ బట్టలు ఆరేస్తూ "ఇయ్యాల డ్యూటీకి పోలేదా పిల్లా?" అని అడిగేది. "ఇదే డ్యూటీ" అంటే నమ్మనట్టు చూసేది.

సాఫ్ట్‌వేర్‌కు ఒక గుణం ఉండేది. అది దేన్నీ పక్కకు తోసేది కాదు. కోయంబత్తూరు నుంచి ఒక ముసలి వ్యాపారి సాంపుల్ కావాలని రాసి, చివర్లో సేటుకు బీపీ ఎట్లా ఉంది, జాగ్రత్తగా చూసుకోమనండి అని ప్రేమగా రాశాడు. నవనీత ఏదో ఆలోచనలో ఉండి బటన్ నొక్కింది. అక్కడ కార్ఖానాలో ఏసుదాసు ఫోన్‌కు పని పోయింది: "సేటు బీపీ చూడాలి. బాధ్యత ఏసుదాసుది. సాయంత్రంలోగా."

సాయంత్రానికి ఫోటో వచ్చింది. షెడ్డు ముందు ఈశ్వరప్ప కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మందుల షాపాయన ఆయన చేతికి బీపీ పట్టీ చుడుతున్నాడు. పక్కన ఏసుదాసు బండ పక్కన నిలబడ్డంత కచ్చితంగా నిలబడ్డాడు. ఈశ్వరప్ప ముఖం చిటపటలాడుతోంది. కింద "అయింది" అని రాసి ఉంది. రాసింది రెబెక్క అని తెలుసు, ఆ ఫోన్ చదివేది, ఫోటోలు తీసేది ఆమెనే.

నవనీతకు నవ్వు ఆగలేదు. ఒక్కతే పెద్దగా నవ్వింది.

"ఎవరొచ్చిన్రు?" అని శంకరమ్మ ముందింట్లోంచి అడిగింది.

"ఎవరు రాలే" అంది నవనీత. అన్నాక గది ఇంకా పెద్దదైనట్టు అనిపించింది.

ఆ ఫోటోనే ఆమె మళ్లీ మళ్లీ చూసింది. ఆ తర్వాత ప్రతి ఫోటోను పనికి అవసరమైన దానికంటే ఎక్కువసేపు చూడడం అలవాటైంది. బండల దొంతరలు, లారీలో గడ్డి పరిచి పేర్చిన పలకలు, అంచులు. దొంతర పక్కన ఒకరి చెయ్యి. ఇంకోదాంట్లో నీలం చెప్పు కొస. పైనుంచి ఎప్పుడూ కనబడని కార్ఖానా ఇప్పుడు నేల మీదినుంచి కనబడుతోంది.

ఒకరోజు పుణె ఆర్డర్ ఫోటోలో, దొంతర వెనక, రేకుల షెడ్డు లోపలి భాగం పడింది. వాళ్లు తినేచోటు. కూర్చోవడానికి గుండ్రంగా వేసుకున్న రాళ్లున్నాయి, అన్నీ గరుకువి, పనికిరాక పారేసినవి. వాటి మధ్య ఒకటి మాత్రం పాలిష్ పట్టిన పసుపు బండ. వెలుగు పడి మెరుస్తోంది. దాని మీద ఏదో తెల్లగా ఉంది.

ఫోటో పెద్దది చేసింది. అలుక్కుపోయింది. అంతకుముందు రోజు ఫోటోలు తెరిచింది. అందులో షెడ్డు ఓరగా పడింది, బండ సగమే కనబడింది. సగం మీద రెండక్షరాలు, చాక్‌పీసుతో: "నవ". ఇంకా వెనక్కి పోయింది. ఒకదాంట్లో దుమ్ము కప్పి అక్షరాలు మాసిపోయి ఉన్నాయి. దాని తర్వాతి దాంట్లో మళ్లీ కొత్తగా, తెల్లగా ఉన్నాయి. దుమ్ము పడ్డప్పుడల్లా ఎవరో మళ్లీ రాస్తున్నారు. బీపీ ఫోటోలో కూడా, ఏసుదాసు మోకాలి వెనక, అది ఉంది. ఆమె చూడలేదంతే.

నవనీత లాప్‌టాప్ మూసి, కిటికీ మీది ముక్కను చేతిలోకి తీసుకుంది. ఎండకు వెచ్చగా ఉంది. ఏమీ రాసి లేదు.

మరునాడు ప్యాసింజర్ ఎక్కింది. తాండూరులో దిగి ఆటో పట్టుకుంది. గేటు దాటుతుండగా మిషన్లు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఆమె చెప్పుల చప్పుడు ఆమెకే పెద్దగా వినబడింది. మెట్ల దగ్గర కాళ్లు అలవాటుగా అటు తిరిగాయి. వాటిని షెడ్డు వైపు తిప్పుకుంది.

ముందు చూసింది మొగులమ్మ.

"అగో, మేడం మెయిల్‌ల నుంచి బయటపడ్డది."

రెబెక్క చేయి కడుక్కుంటూ వెనక్కి తిరిగింది. ముఖానికి చుట్టుకున్న చున్నీ విప్పి ఉంది. గడ్డం మీద చిన్న మచ్చ, పై పెదవి మీద చెమట. అనుకున్నదానికంటే వయసులో చిన్నది. ఇన్నాళ్లూ ఆ కండ్లకు ఈ ముఖం ఉంటుందని నవనీత ఊహించలేదు.

"ఇన్నొద్దులు తొవ్వ దొరుకలేదా?" అంది రెబెక్క.

"జవాబు రాలే గద అక్కా."

"రాలేదా? రాసిన గద. నీ రాయి నిండ రాసిన, 'రా' అని. పొద్దుగాల పొల్లను దవాఖానకు తీస్కపోవాలె గదా, అందుకే ముందటి దినం మాపటీల్లనే రాసి గోడకు పెట్టిన. గమేళా పైకి తీస్కపొమ్మని అత్తకు చెప్పిన."

నవనీత సంచిలోంచి పసుపు ముక్క తీసి చూపించింది.

"కడిగి వచ్చింది."

అందరూ ఏసుదాసు వైపు చూశారు. ఆయన నోట్లో రొట్టె ముద్ద ఉంది. నమలడం ఆపాడు.

"నేనేం చేసిన?" అన్నాడు. "పైకి పోయేది కడిగి పంపుమన్నది గా బిడ్డనే గద. గోడకుండె. కడిగిన. ఏం రాసుందో నాకు సదువొస్తదా?"

"గాయనకు కడుగుడు పిచ్చి" అంది మొగులమ్మ. "ఇంట్ల గూడ తింటున్నోని ముందటికెల్లి పళ్లెం గుంజి కడుగుతడు. ఇంక సగం రొట్టె ఉంటది అండ్ల."

నవ్వు లేచింది. ఎన్నోసార్లు పైకి వచ్చిన నవ్వే. ఏ మాటకు వచ్చిందో ఈసారి తెలిసింది.

"మీకు ఇష్టం లేదనుకున్న" అంది నవనీత మెల్లగా.

"ఇష్టం లేకపోతే మేం రాస్తమా? నోటితోనే చెప్తం" అంది మొగులమ్మ. రొట్టె తుంచుతూ, తల ఎత్తకుండా అంది. "మేమేమనుకున్నం అంటే, గొర్లోల్ల పిల్ల, మన దగ్గర ఏం తింటదిలే. అడిగితె అడిగింది, మనసు మార్చుకున్నది అనుకుంటిమి."

"నువ్వనుకున్నవ్ అత్తా. నేను గాదు."

"నువ్వు గాదు, నిజమే. అందుకే గా బండ మీద పిట్టను గూడ వాలనియ్యవ్. మొన్న లారీ డ్రైవర్ కూసుంటే చీపురు తీస్కున్నది, పాపం."

నవనీత ఆ పసుపు బండ ముందు నిలబడింది. దాని మీద తన పేరు పూర్తిగా ఉంది, వంకర అక్షరాలతో. దాని మీద కూర్చోవాలంటే పేరు చెరిగిపోతుంది.

"కూసో" అంది రెబెక్క. "మళ్ల రాస్త."

కూర్చుంది. బండ చల్లగా ఉంది. రెబెక్క తన గిన్నెలోంచి జొన్నరొట్టె, పుంటికూర తీసి ఆమె గిన్నెలో పెట్టింది. నవనీత తన కందిపప్పు వాళ్లకు వంచింది. పప్పు నీళ్లలాగ ఉందని మొగులమ్మ అంది. ఏసుదాసు మాత్రం తిన్నంతసేపూ తల వంచుకునే ఉన్నాడు. చివరికి తన రొట్టెలో సగం తుంచి, చెయ్యి చాపి, ఆమె గిన్నె అంచు మీద పెట్టాడు.

మిషన్లు మళ్లీ మొదలయ్యే వేళైంది. ఒక్కొక్కరే లేచి ముఖాలకు బట్టలు చుట్టుకుంటున్నారు. ఈశ్వరప్ప ఆ రోజు సేడం పోయాడు.

"రేపు?" అని అడిగింది రెబెక్క, చున్నీ ముడి వేసుకుంటూ. మళ్లీ కండ్లు మాత్రమే మిగిలాయి.

"సేటును అడగాలె. మెయిల్ పెడ్త."

"మెయిల్ పెట్టకు. ఆయన చూడడు. నోటితో చెప్పు."

"వద్దంటే?"

రెబెక్క నవనీత చేతిలోంచి పసుపు ముక్క తీసుకుని, కొంగుతో పొడి తుడిచి, నడుం దగ్గరినుంచి చాక్‌పీసు తీసి, నీలి చార మీదుగా పెద్దగా రాసింది: "రా".

"మామా, ఇది కడుగకు" అని మిషన్ దగ్గరున్న ఏసుదాసుకు కేకేసింది. ఆయనకు వినబడలేదు. మోత మొదలైంది.

సాయంత్రం బండి సగం ఖాళీగా ఉంది. అవ్వకు ఫోన్ చేసింది, స్విచాఫ్ వచ్చింది. లాప్‌టాప్ తీయలేదు. తీస్తే మెయిల్స్ వచ్చి ఉంటాయి, సాఫ్ట్‌వేర్ వాటిని పనులు చేసి వరసగా నిలబెట్టి ఉంటుంది. రేపు ఈశ్వరప్ప ఏమంటాడో తెలియదు. కొనిచ్చిన లాప్‌టాప్ సంగతేంది అంటాడేమో. ఎట్లా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ కూర్చుంది. నోటితో చెప్పాల్సిన మాటలు చాక్‌పీసుతో రాసినంత సులువుగా రావడం లేదు.

ఒళ్లో పసుపు ముక్క ఉంది. అక్షరం రాసుకుపోకుండా చున్నీ తాకనియ్యకుండా రెండు చేతులతో అంచులు పట్టుకుంది. ఎదురుగా కూరగాయల గంప పెట్టుకుని కూర్చున్న ఆమె చాలాసేపు చూసి, ఉండబట్టలేక అడిగింది.

"ఏం రాయమ్మా అది? గంత పైలంగ పట్టుకున్నవ్?"

"ఆఫీసు పనిదమ్మా."

"అట్లనా. అయిపోయిందా మరి పని?"

నవనీత రాయి వైపు చూసింది.

"లే" అంది. "ఇంక కాలే."